కోవిడ్ సోకితే ఏ రోజున ఏం చేయాలి: వైరస్ నడకను బట్టి చికిత్సను అర్థం చేసుకోవడం

ఇంట్లో ఒకరికి కోవిడ్ సోకిందని అనుమానం రాగానే, చూసుకునేవారు అన్నిటికన్నా ముందు చేయవలసిన పని లక్షణాలు మొదలైన తేదీని కాగితం మీద రాసి పెట్టుకోవడం. గొంతు గరగర, ఒళ్లునొప్పులు, జ్వరం, పొడిదగ్గు, వీటిలో ఏది ముందుగా కనిపించిందో ఆ రోజును మొదటి రోజుగా లెక్కించాలి. పరీక్ష చేయించిన రోజును గానీ ఫలితం వచ్చిన రోజును గానీ కాదు. ఈ జబ్బులో ఏ మందు వాడుతున్నామన్నది ఎంత ముఖ్యమో, ఏ రోజున వాడుతున్నామన్నదీ అంతే ముఖ్యం. మొదటి ఐదు రోజుల్లో చక్కగా పనిచేసే మందు రెండో వారంలో దాదాపు వృథా అవుతుంది. రెండో వారంలో ప్రాణం నిలబెట్టే మందును మొదటి రోజుల్లో వాడితే మేలు జరగకపోగా కీడు జరిగే అవకాశం ఉంది. 2021 వేసవిలో రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ల కోసం జనం నగలు కుదువపెట్టి మరీ పరుగులు తీసినప్పుడు, అది జబ్బులో ఏ దశకు పనికొచ్చే మందో నిలబడి అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ తీరిక ఇప్పుడుంది కనుక, వైరస్ శరీరంలో నడిచే దారినీ, ఆ దారిలో ఏ చోట ఏ చికిత్స అడ్డుపడగలదో కూడా వరుసగా తెలుసుకుందాం. ఇక్కడ చెప్పేదంతా పెద్దవయసు వారి గురించే. పిల్లలు, గర్భిణుల విషయంలో మొదటి రోజు నుంచే డాక్టరు మాట ప్రకారం నడుచుకోవాలి.

వైరస్ లోపలికి ఎలా వస్తుంది

కోవిడ్ సోకిన మనిషి మాట్లాడినా, దగ్గినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నని తుంపరలు గాలిలోకి చేరతాయి. వాటిలో బాగా చిన్నవి తలుపులు మూసిన గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి. వాటితోపాటు వైరస్ మన ముక్కులోకి, గొంతులోకి చేరుతుంది. దాని ఒంటినిండా ముళ్లలా పొడుచుకువచ్చిన స్పైక్ ప్రొటీన్లు ఉంటాయి. మన కణాల పైపొర మీద, రక్తపోటును అదుపులో ఉంచడంలో భాగం పంచుకునే ఏసీఈ2 అనే ప్రొటీన్ ఒకటి ఉంది. స్పైక్ దీన్ని పట్టుకుంటుంది. ఆ తరువాత కణం మీదనే ఉండే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైము స్పైక్‌ను ఒక చోట కత్తిరించడంతో, వైరస్ పైపొరా కణం పైపొరా కలిసిపోయి లోపలి జన్యుపదార్థం కణంలోకి జారుతుంది. 2002-03లో వచ్చిన సార్స్ వైరస్ కూడా ఏసీఈ2నే పట్టుకుంటుందని శాస్త్రవేత్తలు 2003లోనే కనుగొన్నారు. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం బయటపడగానే పరిశోధకులు మొదటినుంచీ వెతుక్కోకుండా నేరుగా స్పైక్ మీద దృష్టి పెట్టగలిగారంటే, ఆ పాత పరిశోధన కూడా అందుకు ఒక కారణం.

లోపలికి చేరిన జన్యుపదార్థం సుమారు 30,000 అక్షరాల (వరుసగా పేర్చిన చిన్న రసాయన ముక్కల) పొడవున్న ఒకే ఒక ఆర్ఎన్ఏ పోగు. మన కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు దాన్ని తమ సొంత ఆదేశంగానే భావించి చదివేస్తాయి. అలా మొదట తయారయ్యేది ఒక పొడవాటి ప్రొటీన్ గొలుసు. దాన్ని ముక్కలుగా కత్తిరించే ప్రోటియేజ్ ఎంజైము కూడా ఆ గొలుసులోనే భాగంగా ఉంటుంది. ఆ ముక్కల్లో కొన్ని కలిసి ఆర్ఎన్ఏకు నకళ్లు తీసే పాలిమరేజ్ అనే యంత్రాంగంగా ఏర్పడతాయి. నకళ్లు తీయడం, కొత్త స్పైకులు తయారుచేయడం, అన్నిటినీ కూర్చి కొత్త వైరస్‌లను బయటికి పంపడం గంటల్లోనే జరిగిపోతుంది. ఇక్కడ ఒక చిత్రమైన విషయముంది. చాలా ఆర్ఎన్ఏ వైరస్‌లకు నకళ్లలో దొర్లిన తప్పులను దిద్దుకునే ఏర్పాటు ఉండదు, కరోనా కుటుంబానికి మాత్రం ఉంది. మందు రూపంలో మనం పంపిన తప్పుడు అక్షరాన్ని గుర్తించి తీసేయగల శక్తి దానికి ఉండటం వల్లనే, రిబావిరిన్ వంటి పాత మందులు దీని ముందు చతికిలపడ్డాయి.

ఈ పని ముందుగా ముక్కులోనూ గొంతులోనూ సాగుతుంది. వైరస్ సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి 2020లో సగటున ఐదు రోజులు పట్టేది; ఒమిక్రాన్ రకాలు వచ్చాక అది మూడు రోజులకు దగ్గరపడింది. లక్షణాలు మొదలుకావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు, అందుకే జ్వరం వచ్చాక వేరుగా ఉంచినా ఇంటిల్లిపాదికీ సోకుతుంటుంది.

మొదటి ఐదు రోజులు

రోగిని కిటికీ ఉన్న గదిలో ఉంచి ఆ కిటికీని తెరిచే ఉంచాలి. తలుపులన్నీ బిగించి ఏసీ వేస్తే ఆ గాలే అక్కడే తిరుగుతూ ఉంటుంది కనుక అది మానుకోవాలి. గదిలోకి వెళ్లేవారు ఎన్95 మాస్కును ముక్కు పక్కన సందు లేకుండా పెట్టుకోవాలి, వీలైతే రోగి కూడా ఆ కాసేపు మాస్కు పెట్టుకోవాలి. చేతులు కడుక్కోవడం మంచిదే కానీ, వచ్చిన కూరగాయలనూ పాల ప్యాకెట్లనూ కడుగుతూ కూర్చున్న రోజుల్లో మనం కిటికీలు తెరవడాన్ని మాత్రం నిర్లక్ష్యం చేశాం.

ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో మొదటి రోజున నెగెటివ్ వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. 48 గంటలు ఆగి మళ్లీ చేయాలి, లేదా ఆర్టీపీసీఆర్ చేయించాలి. జబ్బు తగ్గిందో లేదో చూడటానికి మాత్రం ఆర్టీపీసీఆర్‌ను పదేపదే చేయించడం డబ్బు దండగ, ఎందుకంటే బతికున్న వైరస్ పోయాక కూడా దాని ఆర్ఎన్ఏ ముక్కలు వారాలపాటు పరీక్షకు చిక్కుతూనే ఉంటాయి.

జ్వరానికి పారాసిటమాల్ చాలు. పెద్దవారికి 650 మిల్లీగ్రాముల మాత్ర, మాత్రకూ మాత్రకూ మధ్య కనీసం ఆరు గంటల వ్యవధితో, రోజుకు నాలుగుకు మించకుండా ఇవ్వవచ్చు. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు ముందుగా డాక్టరును అడగాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది కనుక, రెండూ కలిపి వేసుకునేముందు అట్ట మీద రాసింది చదవాలి. నీళ్లు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు ఏవి సయిస్తే అవి తాగించాలి. తాగగలిగిన మనిషికి నీరసంగా ఉందన్న కారణంతో సెలైన్ ఎక్కించవలసిన అవసరం లేదు.

ఆరోగ్యంగా ఉండి, టీకాలు వేసుకున్న నడివయసు వారికి ఇంతకుమించి చేయవలసింది సాధారణంగా ఉండదు. కానీ ఇంట్లో 60 ఏళ్లు దాటినవారికో, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికో, అవయవ మార్పిడి జరిగినవారికో, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికో సోకితే, జబ్బు ముదిరేదాకా చూడకుండా మొదటి రెండు రోజుల్లోనే డాక్టరుతో మాట్లాడి, వైరస్ మీద నేరుగా పనిచేసే మందు అవసరమా అని అడగాలి. ఇవన్నీ పైన చెప్పిన కణంలోపలి పనిలో ఏదో ఒక మెట్టును ఆపేవే కాబట్టి, ఆ పని జోరుగా సాగే తొలి రోజుల్లోనే వాటికి విలువ.

పాక్స్‌లోవిడ్ పేరుతో వచ్చిన నిర్మాట్రెల్విర్ ఆ పొడవాటి గొలుసును కత్తిరించే ప్రోటియేజ్‌ను పట్టుకుని కదలనివ్వదు. టీకా వేసుకోని, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి లక్షణాలు కనిపించిన ఐదు రోజుల్లోపు ఇచ్చి చూసినప్పుడు ఆసుపత్రి పాలవడం లేదా చనిపోవడం సుమారు 88 శాతం తగ్గింది. టీకా వేసుకున్నవారిని, లేదా ముప్పు కారణాలు లేనివారిని తీసుకుని జరిపిన మరో పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే ఇది అందరికీ రాయవలసిన మందు కాదు. పైగా దీనితో జతగా ఇచ్చే రిటోనవిర్, మందులను అరగదీసే కాలేయ ఎంజైమును అడ్డుకుంటుంది. నిర్మాట్రెల్విర్ ఒంట్లో ఎక్కువసేపు నిలవడానికే దాన్ని ఇస్తారు, అయితే అదే కారణంగా రోగి వాడుతున్న వేరే మందులు కూడా ఒంట్లో ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే రివరోక్సబాన్, అవయవ మార్పిడి తరువాత వాడే టాక్రోలిమస్ ఇటువంటివే. కాబట్టి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు రోగి రోజూ వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు కూడా తగ్గించవలసి ఉంటుంది.

రెమ్‌డెసివిర్ పాలిమరేజ్ మీద పనిచేస్తుంది. అది ఆర్ఎన్ఏ అక్షరంలా నటిస్తూ నకలులో చేరి, చేరిన చోటనే ఆపకుండా, మరో మూడు అక్షరాలు పడ్డాక నకలును ఆపేస్తుంది. ఈ ఆలస్యం వల్లనే వైరస్ తప్పులు దిద్దే ఏర్పాటు దాన్ని సులువుగా పీకేయలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి తొలి వారంలోనే మూడు రోజులపాటు నరం ద్వారా ఎక్కించినప్పుడు ఆసుపత్రి చేరికలు 87 శాతం తగ్గాయి. అదే మందును అప్పటికే ఆసుపత్రిలో ఉన్న వేలమందికి ఇచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన సాలిడారిటీ పరీక్షలో, వెంటిలేటర్ మీదికి వెళ్లినవారికి ఉపయోగమే కనిపించలేదు, మిగతావారిలో కనిపించిన లాభం స్వల్పమే. 2020 జూన్‌లో హైదరాబాద్‌కు చెందిన హెటిరో సంస్థ దీన్ని కోవిఫర్ పేరుతో మన మార్కెట్లోకి తెచ్చింది. 2021లో బ్లాకులో కొని తెచ్చిన సీసాలు ఎందరికో బాగా ఆలస్యంగా, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక పడ్డాయని నా అభిప్రాయం.

మోల్నుపిరావిర్ దారి వేరు. అది నకళ్లను ఆపదు. దిద్దుకోలేనన్ని తప్పులు దొర్లేటట్టు చేసి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. ఫలితం తక్కువ: టీకా వేసుకోనివారిలో ఆసుపత్రి చేరికలు సుమారు 30 శాతం తగ్గాయి, బ్రిటన్‌లో 25,000 మందికి పైగా, చాలావరకు టీకా వేసుకున్నవారి మీద జరిగిన పరీక్షలో ఆసుపత్రి చేరికలు తగ్గలేదు, కోలుకోవడం మాత్రం కొంత త్వరగా జరిగింది. జన్యువుల్లో తప్పులు పుట్టించే మందు కనుక గర్భిణులు, 18 ఏళ్లలోపు వారు దీని జోలికి పోకూడదు.

ఐదో రోజు నుంచి పదో రోజు దాకా

ఎక్కువమందికి ఈపాటికి జ్వరం దిగి ఒళ్లు తేలికపడుతుంది. కొందరికి మాత్రం సరిగ్గా ఇక్కడే కథ మారుతుంది. వైరస్ కిందికి జారి, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ రక్తంలోకి చేరే వాయుగోణుల కణాలను కూడా పట్టుకుంటుంది. తొలి రోజుల్లో వైరస్ అణచి ఉంచిన రోగనిరోధక వ్యవస్థ ఆలస్యంగా మేలుకుని, వైరస్ తగ్గుముఖం పడుతున్న సమయంలో అవసరానికి మించి విరుచుకుపడుతుంది. వాయుగోణుల్లోకి ద్రవం చేరుతుంది, సన్నని రక్తనాళాల్లో గడ్డలు కడతాయి. ఈ దశలో మనిషికి హాని చేసేది వైరస్ కంటే ఎక్కువగా సొంత రోగనిరోధక వ్యవస్థ ఒంట్లో రగిల్చే మంటే (ఇన్‌ఫ్లమేషన్).

మోసం ఏమిటంటే, ఆక్సిజన్ తగ్గుతున్నా కొందరికి ఆయాసం తెలియదు. ఊపిరాడని భావన మెదడుకు కలిగేది ముఖ్యంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు. ఈ జబ్బులో అది మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి మనిషి ఫోను మాట్లాడుతూనే ప్రమాదంలోకి జారిపోవచ్చు. అందుకే పల్స్ ఆక్సీమీటర్ కావాలి. రోగిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చేయి చల్లగా ఉంటే రుద్ది వేడిచేసి, నెయిల్ పాలిష్ లేని మధ్యవేలికో చూపుడువేలికో తగిలించి, అంకె కదలకుండా నిలిచాక రాసుకోవాలి. మొదటి నాలుగు రోజులు ఉదయం, సాయంత్రం చూస్తే సరిపోతుంది, ఐదో రోజు నుంచి రోజుకు నాలుగైదుసార్లు చూడాలి. 94, ఆపైన ఉంటే ఇంట్లోనే ఉండవచ్చు. 93కు దిగి అక్కడే నిలిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 90 కంటే తగ్గితే మరో ఆలోచన లేకుండా 108కి ఫోను చేయాలి. కూర్చున్నప్పుడు 95 ఉండి, గదిలో ఆరు నిమిషాలు నడిచాక 94 కంటే దిగినా, మూడు అంకెలు పడిపోయినా అది ముందస్తు హెచ్చరికే. అయితే అప్పటికే ఆయాసపడుతున్నవారిని ఇలా నడిపించకూడదు. చామనచాయ, నల్లని చర్మం గలవారిలో ఈ పరికరం ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చని తేలింది కాబట్టి, అంకె బాగానే ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మాలి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టడం కూడా నేర్చుకోండి: 24 చేరితే డాక్టరు, 30 దాటితే అంబులెన్సు. పెదవులు నీలంగా మారడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే ఏ కొలతా చూడకుండా బయలుదేరాలి.

అంబులెన్సు వచ్చేలోగా రోగిని బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తుల వెనుకభాగం విచ్చుకుని ఆక్సిజన్ కొంత మెరుగుపడుతుంది. భోజనం చేసి గంట దాటకపోయినా, గర్భిణులకైనా, తీవ్రమైన గుండెజబ్బు గానీ వెన్నెముక సమస్య గానీ ఉన్నా ఇది చేయకూడదు.

స్టెరాయిడ్ గురించి ప్రత్యేకంగా

ఈ దశలో మరణాలను తగ్గించిన మందు ఎంతో పాతది, ఎంతో చవకైనది: డెక్సామెథసోన్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష ఫలితం 2020 జూన్‌లో వెలువడింది. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల దాకా ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల్లో మరణించినవారు మామూలు చికిత్సలో 41.4 శాతం కాగా, ఈ మందు ఇచ్చినవారిలో 29.3 శాతం. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 శాతం 23.3కు తగ్గింది. అసలు ఆక్సిజనే అవసరం లేనివారిలో మాత్రం అంకెలు తిరగబడ్డాయి: మందు లేకుండా 14 శాతం, మందుతో 17.8 శాతం. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చు గానీ, మేలు మాత్రం లేదని స్పష్టమైంది. కారణం తెలిసిందే: స్టెరాయిడ్ రోగనిరోధక వ్యవస్థను అణచివేస్తుంది, వైరస్ పెరుగుతున్న తొలి రోజుల్లో మనకు కావలసింది ఆ వ్యవస్థే.

కాబట్టి ఆర్ఎంపీ డాక్టరైనా, మెడికల్ షాపువారైనా జ్వరం వచ్చిన రెండో రోజునే డెక్సా ఇంజెక్షనో, మెడ్రాల్ అనే స్టెరాయిడ్ మాత్రలో ఇవ్వబోతే, ఆక్సిజన్ ఎంత ఉందని మర్యాదగానే అడిగి, 94, ఆపైన ఉంటే వద్దని చెప్పండి. ఆ ఇంజెక్షన్‌తో జ్వరం దిగి, ఆకలి పుట్టి, ఒక రోజు హాయిగానే ఉంటుంది. ఆ హాయిని చూసే దానికి అంత పేరు వచ్చింది.

ఆసుపత్రిలో డెక్సామెథసోన్‌తోపాటు ఆక్సిజన్, గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇస్తారు. మంట ఇంకా పెరుగుతుంటే, మంటను రగిల్చే ఐఎల్-6 అనే ప్రొటీన్ సంకేతాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ గానీ, బారిసిటినిబ్ గానీ జతచేస్తారు. ఇవి ఖరీదైనవే అయినా పరీక్షలకు నిలిచిన మందులు.

నిలవనివి కూడా చాలా ఉన్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, ఈ మూడూ ఒకప్పుడు ఇంటింటా ఉన్న మందులే. పెద్ద పరీక్షల్లో మూడింటివల్లా చెప్పుకోదగ్గ ఉపయోగం కనబడలేదు. కోలుకున్నవారి ప్లాస్మా కోసం జనం ఊరూరా దాతలను వెతికారు. భారతీయ వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద జరిపిన ప్లాసిడ్ పరీక్ష, ప్లాస్మా వల్ల మరణాలు గానీ జబ్బు ముదరడం గానీ తగ్గలేదని 2020లోనే తేల్చింది. అయినా మన మార్గదర్శకాల్లోంచి అది తొలగింది 2021 మేలో. అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది గుమిగూడారు. మందు సంగతి ఎలా ఉన్నా, ఆ గుంపు మాత్రం వైరస్‌కు అనుకూలమే. మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తుంది, తాగవచ్చు. ఆవిరి వైరస్‌ను చంపదు, మరిగే నీళ్లు ఒలికితే మాత్రం కాలుతుంది, కాబట్టి పిల్లలున్న చోట అది వద్దు.

స్పైక్‌ను కప్పేసేందుకు ప్రయోగశాలలో తయారుచేసిన యాంటీబాడీలు 2021 దాకా బాగా పనిచేశాయి. స్పైక్‌లోనే 30కి పైగా మార్పులతో ఒమిక్రాన్ రావడంతో వాటిలో చాలావరకు నిరుపయోగమయ్యాయి. ప్రోటియేజ్, పాలిమరేజ్ అంతగా మారకపోవడంతో వాటిమీద పనిచేసే మందులు నిలబడ్డాయి. టీకా సంగతి కొంత వేరు. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది, కోర్బెవాక్స్‌లో స్పైక్‌లోని పట్టుకునే భాగం మాత్రమే ఉంటుంది. ఏ టీకా అయినా మారిన వైరస్ సోకకుండా పూర్తిగా ఆపలేకపోయినా, రోగనిరోధక వ్యవస్థను ముందే సిద్ధం చేస్తుంది కనుక జబ్బు రెండో దశకు చేరడం బాగా తగ్గుతుంది.

తగ్గిన తరువాత

వాసన పోయినవారు కంగారు పడనవసరం లేదు. ఎక్కువగా దెబ్బతినేది వాసనను మోసే నాడీకణాలు కాదు, వాటికి ఊతంగా ఉండే పక్క కణాలు. ఏసీఈ2 ఉన్నది వాటిమీదే. చాలామందికి వారాల్లో వాసన తిరిగివస్తుంది. రానివారు లవంగం, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం, ఈ నాలుగింటినీ ఒక్కొక్కటి ఇరవై సెకన్ల చొప్పున ఉదయం, సాయంత్రం శ్రద్ధగా వాసన చూస్తూ కొన్ని నెలలు సాధన చేయాలి. నీరసం వారాలపాటు ఉండవచ్చు. పని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. మరునాడు మరింత నీరసపడితే ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం.

ఆసుపత్రిలో స్టెరాయిడ్ వాడి ఇంటికి వచ్చినవారికి, ముందు మధుమేహం లేకపోయినా సరే, కొన్ని వారాలపాటు చక్కెర పరీక్ష చేస్తూ ఉండాలి. 2021లో బ్లాక్ ఫంగస్ అని పిలిచిన మ్యూకర్‌మైకోసిస్ దాపురించింది ప్రధానంగా అదుపు తప్పిన చక్కెర, అతిగా వాడిన స్టెరాయిడ్ కలిసినచోటే. అప్పట్లో తెలంగాణలో దాని చికిత్సకు హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రత్యేకంగా కేటాయించవలసి వచ్చింది. ముఖంలో ఒకవైపే నొప్పి, తిమ్మిరి లేదా వాపు, ముక్కులోంచి నల్లని లేదా రక్తపు చార, కన్ను వాయడం, ఒకటి రెండుగా కనిపించడం, పైదవడ పళ్లు కదలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా, డిశ్చార్జి కాగితాలు తీసుకుని ఈఎన్‌టీ డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.